ద్వారతోరణము – గుత్తపని – సమయపత్రము

కోటగిరిలో మన సంఘభవనము ముందర కట్టించిన ద్వారతోరణము సంగతి ఈ మహాసభకు విచ్చేసిన సోదరులలో పెక్కుమంది యెఱుగుదురు. ఎఱుగనివారు లోనికి వచ్చునపుడే చూచియుందురు. కుడివైపున స్తంభము నిలిచి యున్నది. ఎడమవైపున స్తంభ ముండవలసిన చోట గొయ్యి యున్నది. సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు మమ్ము గోరినపుడు, ఏటేట వ్రాయునట్లే మన పూర్వుల శిల్పవైభవమును గూర్చి నాలుగు పుటలు వ్రాయుదమని తలంచితిమి. కాని ఆ గోతి ప్రక్కనుండి నడచి యింటికి బోయి కలము చేత బట్టిన పిమ్మట, ఓరుగల్లు తోరణములను బొగడుటకు మాకు చేయి రాలేదు. కావున ఈ యేడు వేఱొక చరిత్రను వ్రాయుచున్నాము. పని చేయించువారును పని చేయువారును పూర్వము ఒకరి కొకరు ఎట్లు కట్టువడి యుండిరి, ఆ కట్టు సడలినచోట నేమి జరిగినది, యనునది మా విషయము. సభ్యులకు గాని దాతలకు గాని కొన్ని మాటలు కటువుగా దోచినచో క్షమింప వేడుచున్నాము.

ముందుగా జరిగినది చెప్పవలెను. తోరణము కట్టింప నిశ్చయించినపుడు గుత్తకు మువ్వురు వచ్చిరి. తక్కువ ధర చెప్పినవాడు మన కులమువాడు; మా కడ చదువుకొన్నవాడును. ధర నింకను తగ్గింపుమని సంఘము వారడుగగా దగ్గించెను. “మనవాడే కదా, కాగిత మెందుకు?” అని సభలో నెవరో యనిరి. ఎవరును గాదనలేదు; మేమును గాదనలేదు. జమాఖర్చుల పుస్తకములో నొక్క పంక్తి వ్రాయబడినది. పునాది లోతెంత, కడ్డీల లావెంత, సిమెంటునకు ఇసుక పాలెంత, ఏనాటికి ముగింపవలెను, పగిలినచో నెవరు బాధ్యులు, ఇవి యేవియు నా పంక్తిలో లేవు. పని సగమైననాటికే నాలుగింట మూడు వంతుల సొమ్ము ఇచ్చివేసితిమి.

తొలివానలకే ఎడమ స్తంభమున వెండ్రుకవంటి పగులు పుట్టినది. వేసవి వచ్చి నేల యెండినకొలది అది వ్రేలు దూరునంత యైనది. స్తంభము వీథివైపునకు ఒరిగినది. పైపూత పెచ్చులుగా రాలజొచ్చినది. బడిపిల్లలు ఆ క్రిందుగనే పోవుదురు. గుత్తదారును పిలిపించి యడుగగా, “సారూ, ఇది రేగడి భూమి. ఎవరు కట్టినా పగుల్తది” అనెను.

ఆ మాటలో సగము నిజము గలదు. మన బోధను ప్రాంతపు నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు కుదించుకొని నోళ్ళు దెఱచును. వరికిని చెఱకునకును బంగారమైన నేల గోడలకు శత్రువు. అయినను చెడ్డనేలపై మంచి కట్టడమును నిలుపు నుపాయము నిన్న మొన్న కనుగొన్నది గాదు. పాలంపేటలో గణపతిదేవుని సేనానియగు రేచర్ల రుద్రుడు క్రీ. శ. 1213లో కట్టించిన యాలయమును, కట్టించినవాని పేర గాక శిల్పి పేర రామప్పగుడి యని లోకము పిలుచుచున్నదని పెద్దలు చెప్పుదురు. 2021లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ సంపదలలో జేర్చిరి. అచ్చటికి బోయినవారందఱు మదనికలను జూచి మురిసి వత్తురు. పునాదిని దలచువారు తక్కువ. పునాది గోతిని ఇసుకతో నింపి దానిపై కట్టడమును నిలిపిరి. శిఖరమునకు నీటిపై దేలునంత తేలికయైన యిటుకలను వాడిరి. క్రింద కదలికను మ్రింగు నిసుక, పైన బరువును దగ్గించు నిటుక: నేల నమ్మదగినది కానపుడు పనివాడు చేయవలసిన రెండును అందు గలవు. మన తోరణమున జరిగినది దీనికి సరిగా విపరీతము. ఆ వైపరీత్యమున మన పా లెంతయో ముందు చెప్పెదము.

నేల దోష మెంత, పనివాని దోష మెంత, పని చేయించినవాని దోష మెంత యని వేఱుచేసి నిర్ణయించుటయే యిందలి చిక్కు. మన పూర్వులు దీనిని మిక్కిలి శ్రద్ధతో విచారించిరి. 1905లో మైసూరున శ్యామశాస్త్రిగారి చేతికి వచ్చి 1909లో నచ్చుపడిన కౌటిలీయార్థశాస్త్రమున నాలుగవ యధికరణమునకు కంటకశోధన మని పేరు. దాని మొదటి యధ్యాయము కారుకరక్షణము. పనివారిని రక్షించుట యని పైకి దోచును గాని, అందున్నది పనివారివలన ప్రజకు గలుగు నష్టమునుండి రక్షించుట. మనవంటి చేతిపనివారి కులములో బుట్టి యీ యధ్యాయమును జదువుట కొంచెము కష్టముగనే యుండును. చోటు, కాలము, పని, ఈ మూటిని నిర్ణయించుకొనియే పని చేయవలెనట. గడువు దాటినచో కూలిలో నాలుగవ వంతు తగ్గును. దానికి రెట్టింపు దండము. చెప్పిన దొకటియు జేసిన దొకటియు నైనచో కూలి యంతయు బోవును. రెట్టింపు దండమును గలదు. దైవికమైన యాపదలకు మాత్రము మినహాయింపు.

ఇంతటితో చదువుట మానినచో కౌటిల్యుడు యజమానుల పక్షమువాడని తోచును. మూడవ యధికరణమున కూలివారి ప్రకరణమును జూడవలెను. కూలి పుచ్చుకొని పని చేయనివానికి పండ్రెండు పణములు దండము, చేయువఱకు నిర్బంధము. కాని అశక్తునకు, రోగికి, ఆపదలో నున్నవానికి, నీచమైన పని చెప్పబడినవానికి సడలింపు గలదు. ఒడంబడిక చేసికొని పని చేయించుకొనని యజమానికిని ఆ పండ్రెండు పణములే. దండము ఇరువురకు సమానమైయుండుట గమనింపదగినది.

ఇది రాజు చేయించు పనులకును ఒకానొక గృహస్థు చేయించు పనులకును సరిపోవును. పదుగురు గూడి చేయించు పని వేఱు. అందు సొమ్ము అందఱిది, కన్ను ఎవ్వరిదియు గాదు. దీనికై స్మృతికారులు సంవిద్వ్యతిక్రమ మని ప్రత్యేకముగా నొక వ్యవహారపదమునే యేర్పఱచిరి. సంఘము చేసికొన్న కట్టుబాటును మీఱుట యని దాని యర్థము. సభామండపము, చలిపందిలి, దేవాలయము, చెఱువు, తోట మొదలగువాని బాగుసేతకు గుంపుగా గూడినవారు తమ ఒడంబడికను పత్రమున వ్రాసికొనవలెనని బృహస్పతి చెప్పెను. యాజ్ఞవల్క్యుడు ఇంకను కఠినుడు. సంఘద్రవ్యమును హరించినవానికిని సంఘపు కట్టుబాటును దాటినవానికిని సర్వస్వము గొని దేశమునుండి వెడలగొట్టుమనెను. సంఘకార్యముపై బోయినవాడు తనకు లభించినదానిని తానై తెచ్చి యప్పగింపనిచో పదునొకండు రెట్లు చెల్లింపవలెననెను. కార్యము చింతించుటకు ధర్మ మెఱిగినవారిని, శుచులను, లోభము లేనివారిని నియమింపుమనెను. సంఘములకు అధ్యక్ష కార్యదర్శుల నెన్నుకొనుదినమున ఈ మాటలను సభలో చదివి వినిపించుట మంచిదని మాకు దోచును. ఎన్నికలు కొంత త్వరగా ముగియవచ్చును.

ఈ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమువాడు. ఆ కల్యాణి నేటి బసవకల్యాణము. మన మంజీర తీరమునకు దూరము గాదు, బోధనును నాడు చాళుక్యుల యేలుబడిలోనిదే. ఆ మితాక్షర ననుసరించి పదమూడవ శతాబ్దిలో, తిక్కనకు దశకుమారచరిత్ర నంకితమిచ్చిన కేతన, విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలో ధర్మశాస్త్రమును రచించెను. సంస్కృతము రానివారికి దెలియదనుటకు గూడ వీలు లేకుండ, ఏడువందల యేండ్ల క్రిందటనే మన భాషలో నీ న్యాయమున్నది. అయినను మనము ఒక్క పంక్తితో సరిపెట్టుకొంటిమి.

శాస్త్రము శాస్త్రముగా నుండనిండు, పని చేయించినవా రేమి వ్రాయించి రని యడుగవచ్చును. కడప సీమలోని పోరుమామిళ్ళ చెఱువు శాసనము దానికి మంచి యుత్తరము. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు క్రీ. శ. 1369లో వేయించిన శాసనమిది. దానశాసనములలో దాతను బొగడుటయే మిక్కుటము. ఇందులో చెఱువునకు గావలసిన పండ్రెండు అంగములును, చెఱువునకు రాగూడని ఆఱు దోషములును చెక్కించిరి. కట్టనుండి నీరూరుట, ఉప్పునేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, చెఱువు నడుమ మెట్ట, నీరు తక్కువయై పాఱవలసిన నేల యెక్కువ యగుట, నేల తక్కువయై నీ రెక్కువ యగుట, ఇవి దోషములు. అంగములలో గట్టినేలయు, నిడుపైన తిన్నని రాళ్ళు దొరకు గనియు, జలశాస్త్ర మెఱిగిన విద్వాంసుడును, కట్టుటలో నేర్పరులగు పనివారి గుంపును గలరు. వేయిమంది పనివారును నూఱు బండ్లును రెండేండ్లు పని చేసినట్లు లెక్కయు నందే యున్నది. పని యెట్లుండవలెనో, ఎట్లుండగూడదో, ఎందఱు ఎంతకాలము చేసిరో బాటసారి సైతము చదువునట్లు రాతిపై నుంచిన దాతకు దాచవలసిన దేమియు లేదు.

పిమ్మటి కాలమున గుత్త యను పద్ధతి పెరిగినది. దాని మంచిచెడ్డలను విస్తరించుట కిది చోటు గాదు. ఒక్క కథ చాలును. తుంగభద్రపై సుంకేసుల యొద్ద ఆనకట్ట గట్టి కర్నూలు కడప కాలువను త్రవ్వుటకు మద్రాసు ఇరిగేషను కంపెనీ యను నింగ్లీషు కంపెనీ పూనుకొనెను. పెట్టుబడిపై నూటికి 5 చొప్పున వడ్డీ తప్పక చెల్లింతుమని ప్రభుత్వము ముందే హామీ యిచ్చినది. కాలువలో నీరు పాఱినను పాఱకున్నను కంపెనీకి వడ్డీ ముట్టును. ఫలితము సులభముగ నూహింపవచ్చును. కాలువ గిట్టుబాటు గాలేదు. కడకు 1882లో దొరతనమువారే దానిని గొని నష్టమును నెత్తిన వేసికొనిరి. పని ముగియకముందే గుత్తదారుని లాభమును స్థిరపఱచినవారి కథ యిది. పని సగమునకే ముప్పాతిక సొమ్ము చెల్లించిన మనము ఆ దొరలను జూచి నవ్వ బనిలేదు.

ఇక ద్వారముల మాటకే వత్తము. 2010వ సంవత్సరము మే 26వ తేదీన శ్రీకాళహస్తి రాజగోపురము కూలినది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురమది. ఐదువందల యేండ్లకు ఆఱేండ్లు తక్కువగా నిలిచినది. పగుళ్ళు పెరుగుచుండుట గమనించి ముందుగనే జనులను దూరముగ దరలించుటచే ప్రాణనష్టము గలుగలేదు. క్రొత్త గోపురమునకు 2017 జనవరిలో కుంభాభిషేకము జరిగినది. పాత గోపురము పడుటకు దుఃఖింపవచ్చును గాని, దానిని గట్టినవారిపై నెవ్వరును నింద మోపలేదు. పగులు కనబడగనే తప్పుకొన్నవారి వివేకమును గూడ మెచ్చుకొనవలెను. మన స్తంభము క్రిందినుండి బడిపిల్లలు నడచుచుండగా మనము రెండు మాసములు మాటలలోనే గడపితిమి.

వేఱొక యుదంతము వ్రాయుటకు మనసొప్పకున్నను వ్రాయక తప్పదు. 2025 ఏప్రిలు 30వ తేదీన సింహాచలమున చందనోత్సవమునాడు, తెల్లవాఱక మునుపు కురిసిన వానకు, దర్శనపు వరుస ప్రక్కన క్రొత్తగా గట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు మరణించిరి. ప్రభుత్వము మువ్వురతో విచారణసంఘము నేర్పఱచినది. ఉత్సవము ముంచుకొని వచ్చుచున్న తొందరలో లేచిన గోడ యది. వాన నీరు వెనుక నిలిచినచో గోడ దానిని ద్రోయవలెను, లేదా నీటికి దారి యీయవలెను. ఈ మాత్రము మన యూరి మేస్త్రులందఱు నెఱుగుదురు. ఎఱిగియు, దినము దగ్గఱపడినపుడు ఊరకుందురు. మన తోరణమునకు సైతము ప్రారంభోత్సవ ముహూర్తము మేమే పెట్టితిమి. పంచాంగము చూచినవారము మేము. కాంక్రీటు ఎన్నినాళ్ళు తడుపవలెనో అడిగినవారము గాము.

మన సీమలో మంచిపనికి నిదర్శనము లేదని యెవరు నిరాశపడ నక్కఱలేదు. 1923లో నారంభించి 1931లో ముగించిన నిజాంసాగరము, ఇంజనీరు అలీ నవాజ్ జంగు దీక్షకు సాక్షిగా, నేటికిని మంజీరను నిలిపి మన కాలువలకు నీరిచ్చుచున్నది. అంతకంటె పాతది 1922 నాటి పోచారము. 2025 ఆగస్టు చివర వచ్చిన వఱదకు పోచారము కట్ట తెగునని జనులు గుండెలు చేతబట్టుకొని యుండిరి. ఒకచోట ప్రక్కమన్ను కోసికొనిపోయినది, రాతికట్టడము నిలిచినది. దానిని గట్టిన చేతులలో కొన్ని మన తాతలవైన నై యుండవచ్చును. ఎవరి వైనను వానికి నమస్కారము.

ఇప్పుడు మన గోతి కడకు మరల వత్తము. పాలిటెక్నికులో పాఠము చెప్పు నొక యింజనీరుగారు ధర్మార్థముగా వచ్చి చూచిరి. స్తంభము ప్రక్కన త్రవ్వింపగా పునాది మూడున్నర యడుగులకే ముగిసినది. దాని క్రిందను రేగడియే. ఆ బరువునకు ఎనిమిది కడ్డీలు గావలెనట, ఆఱు గనబడినవి. జానెడు దూరమున నుండవలసిన రింగులు మూరెడు దూరమున నున్నవి. వారము దినములైన దడుపవలసిన కాంక్రీటును మూడు దినములే తడిపిరని కూలివారే చెప్పిరి. ఇవి గుత్తదారుని దోషములు. ఇందు సందేహము లేదు.

సభ గూర్చి యతనిని నిలబెట్టి యడుగగా, అతడు తలవంచుకొనియే మూడు మాటలు చెప్పెను. పునాది పోసిన తరువాత వరికోత యంత్రములును చెఱకు ట్రాలీలును పట్టవలెనని తోరణము నెత్తు మూడడుగులు పెంచుమన్నవారు సంఘమువారు. స్తంభములు లేచిన తరువాత దాత యొకరు పంచముఖ విశ్వకర్మ విగ్రహమును సిమెంటుతో జేయించి పైన నిలుపుమనిరి. బరువెక్కువగునని తాను జెప్పగా ఎవరును వినలేదు. విచారింపగా మూడును నిజములే. మూడవ మాటకు ఇద్దఱు సభ్యులు సాక్ష్యము పలికిరి. క్రింద తేలిక పునాది, పైన అదనపు బరువు! రామప్పగుడి సూత్రమును తలక్రిందు చేసినవారము మనమని మేము ముందు చెప్పిన దిందులకే.

సభలో రెండు పక్షములు పుట్టినవి. న్యాయస్థానమునకు బోవుదమని కొందఱు. మనవానిని మనమే బజారున బెట్టుటయా, ఏదో పోనిండని కొందఱు. రెండవ పక్షమువారికి మేమొక ప్రశ్న వేసితిమి. ఈ గుత్తదారు వేఱొక కులమువాడై యున్నచో ఇట్లే పోనిత్తురా? ఎవరును బలుకలేదు. మొదటి పక్షమువారిని, న్యాయాధిపతి యొడంబడిక పత్రము జూపుమన్నచో నేమి చూపుదురని యడిగితిమి. అందుకును ఉత్తరము రాలేదు. శిల్పమే కులవృత్తియైన మన మధ్య, చెడుపనిని బంధుత్వముచే కప్పిపుచ్చుట యితర కులములవారికంటె మనకే యెక్కువ హాని. రేపు మన పిల్లవా డొకడు గుత్తకు బోయిన యూర నెల్ల ఈ స్తంభమునే చూపుదురు.

రెండు పర్యాయములు కూర్చుండిన మీదట సమయపత్రము వ్రాయబడినది. పడగొట్టు ఖర్చును, కూలియు, కడ్డీలలో తగ్గినదియు గుత్తదారు భరించును. మొదట మాటాడుకొన్న లోతును మించిన పునాదికి సామగ్రి సంఘ మిచ్చును. గోతి యడుగున రేగడిని దీసివేసి ఇసుక నింపుదురు. పటము నింజనీరుగారు గీసియిచ్చిరి. దానిపై నిరువాగుల చేవ్రాళ్ళున్నవి. మిగిలిన పాతిక సొమ్ములో సగము పునాది కొలిచిన పిదపను, సగము ఒక వానకాలము పూర్తిగా గడచిన పిదపను ముట్టును. ప్రతిదినము మువ్వురు సభ్యులు వంతులవారీగా నుండి కొలిచి పుస్తకమున వ్రాయుదురు. విగ్రహము తోరణముపై నుండదు. భవనములోని సభామందిరమున ప్రతిష్ఠింతురు. దాతగారు మొదట నలిగిరి. పోరుమామిళ్ళ శాసనపు సంగతి వివరింపగా, తమ పేరు రాతిపై నుండునా యని యడిగిరి. ఉండునంటిమి. సమ్మతించిరి.

కుడిస్తంభము మాట యింకను దేలలేదు. అదియు మూడున్నర యడుగుల పునాదిపైనే యున్నది. ఇప్పటికి పగులు లేదు. దానిని గూడ దీయవలెనా, ప్రక్కన త్రవ్వి బలపఱుపవలెనా, యనునది ఈ మహాసభ రెండవదినమున చర్చకు వచ్చును. దాని వ్యయపు అంచనా కార్యదర్శిగారి కడ నున్నది. సభ్యులు ముందుగా జూచి రావలెను. అంతవఱకు ఆ ప్రక్క త్రోవకు తడికె కట్టించితిమి. పిల్లలు వెనుకవీథిగుండ బడికి పోవుచున్నారు.

ఈ వ్యాసము అచ్చునకు బంపుటకు ముందు సాయంకాలము ఎడమవైపు గోతిలోనికి నిచ్చెన వేయించుకొని దిగితిమి. మోకాళ్ళ నొప్పులతో దిగుట యెక్కుట కష్టమైనను, మా శిష్యుడే చేయి యందిచ్చెను. టేపు ఒక కొస అతడును ఒక కొస మేమును బట్టి కొలిచితిమి. ఏడడుగుల రెండంగుళములు. పుస్తకమున వ్రాసి యిరువురమును చేవ్రాళ్ళు చేసితిమి.